పుస్తకం మూయించిన మేడమ్

మా నాయన ఫోనెత్తితే ముందు మగ్గం వినిపిస్తుంది, ఆ తర్వాతే మనిషి. ఫోను పక్కన పెట్టుకొని, స్పీకరు నొక్కి, నేస్తూనే మాట్లాడతాడు. చుట్టాల పెళ్ళి కబురైనా, నాకు జ్వరం వచ్చిన కబురైనా ఆ టకటకల మధ్యనే చెప్పుకోవాలి. మొన్న పొద్దున కర్నూలు నుంచి ఫోన్ చేసి, "నాయనా, మా బాటనీ మేడమ్ పోయిందంట" అన్నాను. మగ్గం ఆగిపోయింది. సిగ్నల్ పోయిందేమో అనుకొని "హలో, హలో" అన్నాను.

"ఉండా" అన్నాడు నాయన. తర్వాత, "ఆయమ్మ సొంతూరు బనగానపల్లె కదా. నువ్వు అట్లనుంచి రా, నేను ఇట్లనుంచి వస్తా. బస్టాండులో నిలబడుకోనుంటా" అన్నాడు.

ఫోను అమ్మ చేతికి మారింది. "ఏందిమే, మీ నాయన మగ్గం దిగి కాళ్ళు కడుక్కుంటాండాడు? ఈ పొద్దు అమావాస్య కూడా కాదే" అంది.

నేత ఇళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఇది కొంచెం చెప్పాలి. మా మగ్గం అమావాస్యకు ఆగుతుంది. మా ఇంటి మనిషి పోతే ఆగుతుంది. అంతే. ఊళ్ళో ఎంత పెద్దమనిషి పోయినా మా నాయన తన పని తాను నేసుకొని, సాయంత్రం పోయి చూసి వస్తాడు. అట్లాంటి మనిషి సగం నేసిన చీరను మగ్గం మీదే వదిలేసి బయల్దేరాడు. బస్సులో ఓర్వకల్లు రాళ్ళ కొండలు వెనక్కి పోతుంటే నాకు ఏడుపు వస్తోంది, దాంతోపాటే ఏదో గర్వంగా కూడా ఉంది. నా మేడమ్ కోసం మా ఇంటి మగ్గం ఆగింది మరి.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగా పేరు పెట్టి పిలిచే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది, పోయాక ఆ చనువు ఎందుకు? మేమంతా 'మూయి మేడమ్' అనేవాళ్ళం. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఏమీ అనేది కాదు.

మైదుకూరుకు దగ్గర్లో ఉండే మా ఊరు మగ్గాల ఊరు. అక్కడి జూనియర్ కాలేజీకి, నేను ఇంటర్ మొదటి సంవత్సరం తప్పిన వేసవిలో, బదిలీ మీద వచ్చింది ఆమె. పొట్టి మనిషి. మా ఎండలకు నల్ల గొడుగు వేసుకొని, గొడుగు ఉన్నా సరే గోడల నీడ పట్టుకొని నడిచేది. చేతిసంచిలో ఒక డబ్బా, అందులో బొరుగులు, వేయించిన శనగపప్పు. ఇంటర్వెల్లో స్టాఫ్ రూములో కూర్చోకుండా వరండాలో నిలబడి అవి నములుతూ, పోయే పిల్లను వచ్చే పిల్లను ఆపి ప్రశ్న అడిగేది. జవాబు చెప్తే ఒక గుప్పెడు బొరుగులు చేతిలో పోసేది. చెప్పకపోయినా పోసేది, కానీ "తిని ఆలోచించు, సాయంత్రం మళ్ళా అడుగుతా" అనేది. ఆ బొరుగులు గొంతు దిగేవి కావు.

మనం చెప్తుంటే ఆమె మన మొహం చూసేది కాదు. నేల చూస్తూ మెల్లగా తల ఊపేది. తప్పు చెప్పామంటే తిట్టడాలూ దిద్దడాలూ ఉండవు, తల ఊపడం ఆగేది. అంతే. బెత్తంతో కొట్టే సార్లు కూడా మా కాలేజీలో ఉన్నారు, వాళ్ళకంటే ఈమె తలకే మేం ఎక్కువ భయపడ్డాం.

ఇప్పుడు నా గురించి కొంచెం. మా ఊళ్ళో చదువంటే చప్పుడు. మగ్గం చప్పుడు వినిపిస్తుంటే ఆ ఇంట్లో పని జరుగుతున్నట్టు. పిల్లల గొంతు వినిపిస్తుంటే ఆ ఇంట్లో చదువు జరుగుతున్నట్టు. దారిన పోయేవాళ్ళు గొంతును బట్టే "వీళ్ళ పాప బాగా చదువుతాంది" అని చెప్పేసేవాళ్ళు. ఆ లెక్కన మా వీధిలో నన్ను మించిన చదువరి లేదు. పొద్దున్నే అరుగు మీద కూర్చొని నేను బాటనీ ఎత్తుకుంటే పక్కింటి మగ్గం కూడా వినిపించేది కాదు. ఎదురింటి ముసలామెకు నా పాఠాలు సగం నోటికి వచ్చేశాయి. మొదటి సంవత్సరం పరీక్షల్లో మాత్రం ఆ గొంతు బాటనీ తప్పింది. సప్లిమెంటరీలో ఇంకోసారి తప్పింది.

మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి నాయనది, రెండోది మా చిన్నాయనది. చిన్నాయన నేత మానేసి బెంగళూరు పోయాక ఆ రెండో మగ్గం ఖాళీగా ఉండిపోయింది. నేను తప్పాక నాయన తిట్టలేదు. అన్నం తింటూ గడ్డంతో ఆ మగ్గం వైపు చూపించి, "వచ్చే మార్చిలో తప్పిందీ, కొత్తవీ అన్నీ గట్టెక్కితే డిగ్రీకి పంపిస్తా. లేకుంటే ఆ గుంతలోకి దిగు, పని నేర్పిస్తా" అన్నాడు. కాళ్ళు పెట్టుకొని నేసే గుంత అది. నేత చిన్న పని అని నేను ఆనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. నాకు చదువుకోవాలని ఉండింది. ఆ ఏడాదంతా కంచం ముందు కూర్చుంటే ఎదురుగా ఆ ఖాళీ గుంతే కనిపించేది.

రెండో సంవత్సరం మొదట్లో మేడమ్ నన్ను లేపి, మొక్కల్లో నీటి రవాణా చదవమంది. నేను దొరికిందే సందు అని గొంతెత్తి చదివాను. చూడకుండా కూడా సగం పేజీ అప్పజెప్పాను. క్లాసంతా నన్నే చూస్తోంది. ఆమె నా బెంచీ దగ్గరికొచ్చి, తెరిచి ఉన్న పుస్తకాన్ని అరచేత్తో మెల్లగా మూసింది. చెయ్యి మాత్రం పుస్తకం మీంచి తీయలేదు.

"ఇప్పుడు చెప్పు. వేరులో దూరిన నీళ్ళు చిటారుకొమ్మ ఆకు దాకా ఎట్ల పోతాయి?"

"బాష్పోత్సేక కర్షణ వల్ల మేడమ్."

"అంటే?"

"బాష్పోత్సేకం... అంటే కర్షణ... మేడమ్, అది కర్షణ వల్ల..."

తల ఊపడం ఆగింది. క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వాళ్ళ పుస్తకం కూడా మూయించి అదే అడిగింది, ఆ నవ్వు ఆగిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "నీ గొంతు మీ వీధంతా వినింది మ్మే. నీ తల వినిందా?" అంది. నాకు కోపం వచ్చింది. ఇంటికి పోయి ఏడ్చాను కూడా. కానీ ఏడుస్తూనే పుస్తకం మూసి చూసుకున్నాను. ఒక్క ముక్క సొంతంగా రాలేదు.

ఆ రోజు నుంచి ఆమె మాకు నేర్పింది బాటనీ ఒక్కటే కాదు, చదవడం నేర్పింది. ఒక పేజీ చదువు, మూయి, తెల్లకాగితం మీద గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాయి. ఆ తర్వాతే పుస్తకం తెరిచి, రాయనిది ఎర్రసిరాతో రాసుకో. రేపు చదవాల్సింది ఆ ఎర్రసిరానే. బొమ్మను చూసి దించడం పని కాదు, బొమ్మ మూసి గీయి, పేర్లు పెట్టు, అప్పుడు తెరిచి పోల్చుకో. మాలో ఒకమ్మాయి రంగుల పెన్ను కొని పుస్తకంలో ప్రతి లైనూ పచ్చగా పూసుకొచ్చింది. మేడమ్ ఆ పేజీని ఎత్తి అందరికీ చూపించి, "పుస్తకానికి పసుపు రాసి పేరంటానికి పిలుస్తాండావా?" అంది. ఆ పిల్ల కూడా నవ్వింది. ఆ పెన్ను మళ్ళీ కాలేజీకి రాలేదు.

ఊళ్ళో పెళ్ళిళ్ళయిపోయాక మిగిలిన శుభలేఖలన్నీ ఆమె దగ్గరికి చేరేవి. వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, అక్కడ ప్రశ్న రాసేది. కార్డుకు ఒక్క ప్రశ్న. జవాబు రాయదు. పేకముక్కలు కలిపినట్టు కలిపి, ఏది చేతికొస్తే అది అడిగేది. నిన్నటి పాఠం పక్కనే దసరా ముందు చెప్పిన పాఠం వచ్చేది. "పరీక్షలో పాఠాలు వరుసగా వచ్చి నీకు నమస్కారం పెట్టవు" అనేది. మేం మరిచిపోయే సమయానికి సరిగ్గా పాత ప్రశ్న తీసేది, అదెట్లా కనిపెట్టేదో ఆమెకే తెలియాలి. సంతలో వంకాయలు ఏరుకుంటూ కూడా వదిలేది కాదు. దూరంగా నల్ల గొడుగు కనిపిస్తే మేం టెంకాయల అంగడి వెనక దాక్కొని, దాక్కున్న చోటే గబగబా పాత పాఠం గుర్తు తెచ్చుకునేవాళ్ళం. ఆమెకు కావాల్సింది అదేనని మాకు చాలా ఆలస్యంగా వెలిగింది.

కాలేజీలో బాగానే ఉంది, చిక్కు మా ఇంట్లో వచ్చింది. నేను గొంతెత్తడం మానేశాను. పేజీ చదివి, పుస్తకం మూసి, గోడ చూస్తూ కూర్చునేదాన్ని. లోపల ఎంత పని జరుగుతోందో నాకు తెలుసు. బయటికి కనిపించేది మాత్రం గోడకు కళ్ళప్పగించిన ఒక ఆడపిల్ల. పక్కింటామె వచ్చి మా అమ్మను అడగనే అడిగింది, "ఏం వదినా, మీ పాప సద్దు లేదే ఈ మధ్య? చదువు మాన్పించినారా?" అని.

నాయన మగ్గంలోంచి నన్ను గమనిస్తూనే ఉన్నాడు. ఒకరోజు, పడుగులో దారాన్ని అటూ ఇటూ పరిగెత్తించే నాడె ఆపకుండానే అన్నాడు, "పాపా, చదివితే చదువు. లేదంటే చెప్పు. గోడ చూసుకుంటా కూర్చునేదానికి డిగ్రీ ఏంటికి? రేపట్నించి ఈ గుంతలోకి దిగు."

"చదువుతాండా నాయనా."

"యాడ చదువుతాండావు? నాకేం చెవుడా?"

మర్నాడు మేడమ్‌కు చెప్పాను. చెప్తూ ఏడ్చాను. ఆమె బొరుగుల డబ్బా మూసి, "అమావాస్య ఎప్పుడు?" అని అడిగింది. మా ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు, నేతవాళ్ళు తీరిగ్గా దొరికేది ఆ రోజేనని ఆమెకు తెలిసిపోయింది. అమావాస్య రోజు పొద్దెక్కాక గొడుగు ముడుచుకొని మా ఇంటి గడప ఎక్కింది. అమ్మ కంగారుపడి చాప పరిచింది. నాయన పైకండువా సర్దుకొని లేచి నిలబడ్డాడు.

"కూర్చో అన్నా" అంది మేడమ్. తనూ చాప మీదే కూర్చుంది. మగ్గం వైపు చూసి, "ఒకటి అడుగుతా చెప్పు. కొత్త పడుగు అతికేటప్పుడు మగ్గం సద్దు చేస్తాదా?"

పడుగు అతకడమంటే, పాత దారాల కొసలకు కొత్త దారాలను పోగు పోగూ కలపడం. అది అయితే తప్ప చీర మొదలవదు. నాయన నవ్వాడు. "యాడ చేస్తాదమ్మా. నోరు మూసుకోని పోగు పోగు అతకాల."

"ఆ పొద్దు నువ్వు పని చెయ్యనట్టా?"

"అది అసలు పని కదమ్మా! అది సరిగ్గా లేకుంటే..." అని ఆగాడు. ఆగి, నా వైపు చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది.

"నీ కూతురు ఇప్పుడు పోగులు అతుకుతాంది అన్నా" అంది మేడమ్.

నాయన అంత తేలిగ్గా దిగే మనిషి కాదు. "మంచిదేనమ్మా. కానీ అతుకుతాందో, నిద్రపోతాందో నాకెట్ల తెలియాల? నాకు సంతకం తప్ప ఏం రాదు. గొంతు వినిపిస్తే చదువుతాందని ధైర్యం. అదీ లేకుంటే నేను దేన్ని చూసి నమ్మాల?"

ఆ మాట విన్నాక నాకు నాయన మీద కోపం పోయింది. ఆయన అడిగింది న్యాయమే. మేడమ్ కూడా నవ్వలేదు. నా చేతిలోని పుస్తకం తీసుకొని, మూసి, నాయన ఒళ్ళో పెట్టింది.

"చదువు రాకుంటే ఇంకా మంచిది అన్నా. నీకు ఈ పుస్తకం ఎప్పుడూ మూసే ఉండాది. నీకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే ఆ పాపకు వచ్చినట్టు. నీకు అర్థం కాకుంటే తల ఊపొద్దు. నీ పని అంతే." నా వైపు తిరిగి, "చెప్పుమ్మే మీ నాయనకు. నీళ్ళు చెట్టెట్ల ఎక్కుతాయో" అంది.

నేను మొదలుపెట్టాను. బాష్పోత్సేకం అన్నాను, నాయన తల కదలలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. ఆకుల్లో కంటికి కనపడని సందులుంటాయి నాయనా, ఎండకు వాటిలోంచి నీళ్ళు ఆవిరై పోతుంటాయి. పోయిన నీళ్ళ చోటుకు వెనకనుంచి ఇంకొన్ని రావాలి కదా. అట్లా పైనుంచి లాగుతూ ఉంటే కింద వేరు దాకా ఆ లాగుడు అందుతుంది. నాయన తల ఊపాడు. నాయన చెయ్యెత్తి గాలిలో దారం లాగినట్టు చూపించాడు.

"దారం కొస పట్టి లాగినట్టన్నమాట."

"అవు నాయనా."

"సరే. అంత ఎత్తు చెట్టు. మధ్యలో తెగితే?"

నేను నోరు తెరిచాను. మేడమ్ వైపు చూశాను. ఆమె తొడ మీద చరుచుకొని పకపకా నవ్వింది. ఆమె అట్లా నవ్వగా నేను చూడడం అదే మొదలు. "అన్నా, ఎన్ని క్లాసులకో చెప్పినా ఈ పాఠం. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు" అంది. జవాబు మాత్రం చెప్పలేదు. లేచి గొడుగు తీసుకుంటూ, "అది పుస్తకంలోనే ఉండాది. ఈ పాప దాన్ని అరిచి అరిచి చదివింది కూడా. రేపు సాయంత్రం నీకు చెప్తాది. చెప్పకుంటే నాకు కబురు పెట్టు" అంది. గడప దగ్గర నాతో మెల్లగా అంది: "నీకు ఏది రాదో ఈ పొద్దు తెలిసింది. ఇంక దాన్ని చదువు. వచ్చిందాన్నే మళ్ళా మళ్ళా చదువుకుంటే తియ్యగా ఉంటాది, అంతే."

మర్నాడు సాయంత్రం మగ్గం దిగి కాళ్ళు కడుక్కొని నాయన గడప మీద కూర్చున్నాడు. "ఊ, తెగితే?" అన్నాడు. చెప్పాను. సగంలో తల ఆగితే వెనక్కి పోయి ఇంకోరకంగా చెప్పాను. చివరికి ఊపాడు. ఆ తర్వాత అది మా ఇంటి ఆచారమైపోయింది. దీపం పెట్టే వేళకు నాయన గడప మీద, నేను ఎదురుగా, పుస్తకం ఆయన ఒళ్ళో. మేడమ్ ఇచ్చిన శుభలేఖల కట్టలోంచి ఒక కార్డు ఆయనే లాగి నా చేతికిచ్చేవాడు. ఆయనకు బొమ్మ తప్ప అక్షరం తెలియదు కాబట్టి మోసం లేదు. జువాలజీకి కూడా నేనే అట్లాంటి కార్డులు రాసుకున్నాను; గుండెకు నాలుగు గదులని చెప్తే అమ్మ వంటింట్లోంచి, "మనకు ఉండేదే రెండు, దానికి నాలుగా?" అని అరిచేది. చెట్టు ఎండతో అన్నం వండుకుంటుందంటే నాయన రెండు రోజులు తల ఊపలేదు. ఆ రెండు రోజులూ నేను కిరణజన్య సంయోగక్రియను తిప్పి తిప్పి చదివాను, నా జన్మలో దాన్ని మరిచిపోను. టీ అంగడిలో ఆయన తోటి నేతగాళ్ళకు ఆకుల సందుల గురించి చెప్తున్నాడని విని, మా వీధి అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కూడా సాయంత్రాలు మా గడపకే వచ్చి చేరారు. పక్కింటామె ఇంక సద్దు గురించి అడగలేదు.

పరీక్షలు దగ్గర పడ్డాక మేడమ్ ఆదివారాలు కాలేజీ తెరిపించి పాత ప్రశ్నపత్రాలు రాయించింది. గంట కొట్టాక ఒక్క అక్షరం రాయనిచ్చేది కాదు, పెన్ను కాగితం మీద ఉండగానే లాక్కునేది. "వచ్చింది ముందు రాయి. రానిదాని పక్కన కూర్చోని ఏడ్చేదానికి నీకు టైము లేదు" అనేది. రాత్రంతా మేలుకొని కళ్ళు ఎర్రగా వచ్చిన పిల్లను క్లాసులో కూర్చోనివ్వకుండా స్టాఫ్ రూములో చాప వేసి పడుకోబెట్టింది. "నిద్రపోని తలలో ఏదీ నిలబడదు, పో" అంది. పరీక్షలయ్యేదాకా మామిడిపండు మాట ఎత్తకూడదని కూడా ఆమె రూలు. బనగానపల్లె మనిషికి అది ఎంత కష్టమో మాకు తెలుసు.

చివరి పరీక్ష రాసి ఇంటికి వస్తే మా వాకిట్లో మట్టి కుప్ప పోసి ఉంది. లోపల నాయన పారతో చిన్నాయన మగ్గం గుంత పూడుస్తున్నాడు. కర్రలన్నీ ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. నేతగాడు గుంత తవ్వడమే కానీ పూడ్చడం మా వీధిలో ఎవరూ చూడలేదు. జనం గుమికూడి చూస్తున్నారు.

"నాయనా, ఫలితాలు ఇంకా రాలేదు" అన్నాను. నాకు నిజంగా భయమేసింది.

"ఏం ఫలితాలు?" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "నాకు చెప్పిందే కదా ఆడ రాసింది. నాకు తెల్దా?"

కబురు విని మేడమ్ వచ్చింది. పూడ్చిన చోట తడిమట్టి మీద చెప్పులు విప్పి నిలబడింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడుచుకుంది. "అన్నా, నేను దిద్దిన పేపర్లన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు" అంది. ఫలితాలు వచ్చాయి. మార్కులన్నీ ఏకరువు పెట్టను, బాటనీలో కాలేజీకి నేనే ఫస్టు అని మాత్రం రాస్తాను. ఆ మాత్రం గొప్ప చెప్పుకునే హక్కు నాకుంది. మేడమ్ బనగానపల్లె నుంచి మామిడిపండ్ల బుట్ట తెచ్చి మా నాయన చేతికిచ్చింది, నాకు కాదు. "పరీక్ష పెట్టినోళ్ళకు" అంది.

ఇప్పుడు నేనూ ఓర్వకల్లు దగ్గర జూనియర్ కాలేజీలో బాటనీయే చెప్తున్నాను. మా పిల్లలు ఫోనులో పాఠం వీడియో రెట్టింపు వేగంతో చూసి, అంతా వచ్చేసిందంటారు. ఫోను బోర్లా పెట్టించి చెప్పమంటాను. వాళ్ళ నోట కూడా మాట రాదు, అచ్చం నాలాగే. నేల చూస్తూ తల ఊపడం నాకు తెలియకుండానే వచ్చేసింది. నన్ను కూడా వెనక 'మూయి మేడమ్' అంటున్నారని ఈ మధ్యే తెలిసింది. ఆ పేరు మా ఊరి నుంచి ఓర్వకల్లు దాకా ఎట్లా వచ్చిందో తెలియదు కానీ, విని పొంగిపోయాను. మేడమ్‌కు ఫోన్ చేసి చెప్దామనుకుంటూ ఉండగానే ఆమె పోయింది.

బనగానపల్లె బస్టాండులో నాయన తెల్లపంచె కట్టుకొని, చంకలో ఒక పొట్లం పెట్టుకొని నిలబడి ఉన్నాడు. పొట్లంలో చీర. తను నేసిందే, సన్నంచుది, మేడమ్ కట్టుకునేటట్టుది. ఇద్దరం నడుచుకుంటూ పోయాం. ఇంటి ముందు మామిడిచెట్టు కింద షామియానా వేశారు. నాయన ఆ చీరను ఆమె మీద కప్పి, కాళ్ళకు దండం పెట్టి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాత విద్యార్థులు ఉన్నారు. మేడమ్ తమ్ముడు ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి పలకరిస్తున్నాడు. ఒకరు నర్సునన్నారు, ఒకరు వ్యవసాయ శాఖ అన్నారు, అందరూ అక్క దగ్గర చదివామన్నారు. ఆయన మా నాయన ముందు ఆగి, కాయలు కాసిన ఆ చేతులు చూసి, "మీరు ఎవరప్పా? పాపను తోడుకోని వచ్చినారా?" అని అడిగాడు.

"నేను కూడా ఆయమ్మ దగ్గర చదువుకున్నోన్నే" అన్నాడు మా నాయన.

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. నేను ఏదో సర్దిచెప్పబోయి ఊరుకున్నాను. ఆ తమ్ముడు మంచి మనిషి, నవ్వలేదు. పక్కన కూర్చొని, "ఏం చదివినావప్పా?" అన్నాడు.

"శానా చదివినా. ఈ చెట్టు నీళ్ళు ఎట్ల తాగుతాదో చదివినా. అడుగు, ఇప్పుడైనా చెప్తా. నా పుస్తకం ఎప్పుడూ మూసే ఉండాది."

మామిడిచెట్టు వైపు చెయ్యి చూపించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆకుల్లో సందులు, ఎండ, ఆవిరి, కింద దాకా అందే లాగుడు. ఒక్క మాట తప్పలేదు. ఎప్పుడు మొదలుపెట్టామో కానీ మేమంతా నేల చూస్తూ తలలు ఊపుతున్నాం. తమ్ముడు తలెత్తి చిటారుకొమ్మ దాకా చూశాడు.

"ఇంత ఎత్తు చెట్టు కదప్పా. మధ్యలో తెగితే?"

మా నాయన మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూసినట్టున్నాడు.

"తెగదప్పా. నీటిబొట్టూ నీటిబొట్టూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోనుంటాయి. ఆ జవాబు ఆయమ్మకు తెలుసు, కానీ చెప్పలేదు" అన్నాడు, నా తల మీద చెయ్యి పెట్టి. "మా పాప చేత చెప్పించింది."